పోయిన బటన్

“కొత్తది తెచ్చామంటూ ఉన్నదాన్ని ఊడబెరికారు! ‘పోయిన నెలలాగే’ అన్న బటన్ ఏదయ్యా?” హెడ్ నర్సు మౌస్‌ను బల్లకేసి కొట్టింది.

“అప్‌డేట్‌లో తీసేశారు మేడం. ఇకనుంచి డ్యూటీ షీటులో ప్రతి గడీ మీరే నింపుకోవాలి,” అన్నాడు కంప్యూటర్ మెకానిక్.

“ఉంచితే వాళ్ల సొమ్మేం పోయింది? ఒక్క నొక్కుతో నెలంతా తయారయ్యేది!” తిట్టుకుంటూనే మొదటి గడి దగ్గర ఆగి, మందుల ట్రేతో వెళ్తున్న చిన్న నర్సును పిలిచింది. “ఏమ్మా, నీకు ఆదివారం డ్యూటీ వెయ్యనా?”

చిన్న నర్సు ట్రే కింద పెట్టేసింది. “నన్నే అడుగుతున్నారా అక్కా? నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం నాదేగా. మార్చమంటే, కంప్యూటర్ వేసింది, నా చేతుల్లో ఏముందన్నారు.”

“వేసింది అదేగా మరి!”

మెకానిక్ నోరు ఊరుకోలేదు. “అది పాతది దించుతుందంతే మేడం. మొదటి నెల ఎవరు నింపారో, ఆ తర్వాతవన్నీ వాళ్లు వేసినవే.”

మొదటి నెల నింపింది హెడ్ నర్సే. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం సెలవు ఉన్నదీ తనకే.

తెర మీద ఖాళీ గడి మిణుకుమిణుకుమంటోంది. చిన్న నర్సు అక్కణ్నుంచి కదల్లేదు.

“ఏమయ్యా,” అంది హెడ్ నర్సు, ఈసారి గొంతు బాగా తగ్గించి, “ఆ బటన్ మళ్లీ ఎప్పుడొస్తుంది?”