ఎనిమిది రోజుల పాసు

రైలు తాండూరు దాటగానే రాధాకిషన్ సేటు చేతిలో కాగితం గాలికి ఎగిరి, ఎదురు సీట్లో కూర్చున్నామె ఒళ్లో పడింది.

ఆమెకు అరవై దాటి ఉంటాయి. కాళ్ల దగ్గర గొర్రెల మందుల సంచి ఉంది.

"నాకు సదువు రాదు సేటు. ఏందిది, ఆరు వరుసలున్నయి?"

"ఆరూర్లు. ఇటియ్యి" అని సేటు లాక్కున్నాడు.

కాగితం విప్పుతాడు, మడుస్తాడు, మళ్లీ విప్పుతాడు. కాలు ఊపడం మాత్రం ఆపడు.

"పాసు కొంటే ఎనిమిది రోజులు ఏ రైలన్న ఎక్కచ్చు. కొనకపోతే ఎక్కినప్పుడల్లా టికెటు. ఏం జేద్దాం చెప్పు?" అని భార్యనడిగాడు.

"నాకేం తెలుస్తదండి? మంచుకొండ చూపియ్యుండ్రి, సాలు" అంది పద్మమ్మ.

పది రోజుల్లో ఇద్దరూ స్విట్జర్లాండు పోతున్నారు. పద్మమ్మ కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటి చూపు చుట్టూ మసక కమ్ముకొస్తోంది. "చూడాలనుకున్నది ఏదైనా ఉంటే ఈ ఏడాదే చూసెయ్యండమ్మా" అన్నాడు డాక్టరు. నగ అడగలేదు, తీర్థం అడగలేదు ఆ తల్లి. ఎండలో మెరిసే మంచుకొండను ఒక్కసారి చూడాలంది.

వికారాబాదులో టికెట్లు చేసే వినయ్ దగ్గరికే వాళ్ల ప్రయాణం. పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడతను. పన్నెండింటిలోపు తేల్చాలట, తర్వాత ధర మారుతుందట.

"గా ఆరూర్లు ఎన్ని రోజులల్ల తిరుగుతరు?" అంది ఎదురు సీటామె.

"ఎనిమిది."

"అమ్మో! గట్లయితే రైలునే చూస్తరు గద, కొండనెప్పుడు చూస్తరు?"

పద్మమ్మ నవ్వింది. సేటు నవ్వలేదు.

"నీ పేరేందమ్మా?"

"బీరమ్మ. మాది పూడూరు దిక్కు. గొర్లు కాస్తం. మబ్బు వట్టినంక మేం మందను కదిలియ్యం తల్లీ, ఏడుంటే ఆడనే ఉంటం. గా కొండలు గూడ గంతే. మబ్బు కప్పుకొని పండుకుంటయి. మనం లేపితే లేవయి. ఒక్కూర్లనే దిగుండ్రి, కిటికీ కాడ కూసోండ్రి. దానికి తోచినప్పుడు అదే కనవడ్తది. పాసు దండుగ."

"మన అనంతగిరి గుట్ట అనుకుంటున్నవా?" అన్నాడు సేటు.

"ఏ గుట్టయినా మనమే ఆగాలె సేటు."

"రైలెక్కి ఎందాంక పోయినవ్ నువ్వు?"

"రైల్లనా? గుల్బర్గ దాంక."

"ఇన్నవా పద్మా! గుల్బర్గ పోయినామె నాకు స్విట్జర్లాండు జెప్తున్నది!"

పక్క సీట్లవాళ్లు కిసుక్కున నవ్వారు. బీరమ్మ కూడా నవ్వేసింది.

"రైల్ల గంతే. గనీ సేటు, నేను..."

ఫోన్ మోగింది. వినయ్.

"కొనెయ్ బేటా! ఇద్దరికీ పాసు. ఆరూర్లల్ల రూములు గూడ పట్టెయ్!" అని సేటు అరిచాడు.

నలభై ఏళ్లుగా కందిపప్పు టోకున కొంటున్న మనిషి. ఎంత ఎక్కువ కొంటే అంత అగ్గువ. ఆయనకు వంటబట్టిన విద్య అదొక్కటే.

వికారాబాదులో దిగాక పద్మమ్మ వెనక్కి తిరిగింది.

"ఆమె ఏందో చెప్పవోయిందండి. జర ఇందాం."

"నడు నడు! వినయ్ కాగితాలు పట్టుకొని కూసున్నడు."

బీరమ్మ సంచి భుజానికేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

స్విట్జర్లాండులో మొదటి ఊళ్లో వాన.

"ముందటూర్ల ఎండుంటది, నడు" అన్నాడు సేటు.

రెండో ఊళ్లో మబ్బు. మూడో ఊళ్లో మళ్లీ వాన. పెట్టె సర్దడం, రైలెక్కడం, దిగడం, పెట్టె విప్పడం. పాసు చేతిలో ఉండగా ఒకచోట కూర్చుంటే సేటుకు ప్రాణం ఒప్పుతుందా? ఎంత తిరిగితే అంత గిట్టుబాటు.

నాలుగో ఊరు విడిచిన అరగంటకు వెనక ఆకాశం తెల్లగా విచ్చుకుంది.

"దిగుదామండి! వెనకకు పోదాం!"

"రూము ముందటూర్ల ఉన్నది గద పద్మా!"

ఆరోది చిన్న కొండపల్లె. గొర్రెలు పెంచుకునే ఒకావిడ ఇంట్లో బస. తెల్లారింది. కిటికీ నిండా బూడిదరంగు మబ్బు. ఇంకో గంటలో రైలు, సాయంత్రం విమానం.

పద్మమ్మ అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇంకొక్క రోజు ఉండరాదా?"

"పాసు ఇయ్యాల్టితోని అయిపోతది. ఇమానం గూడ..." సేటు కాగితం విప్పి మళ్లీ మడిచాడు.

అప్పుడు దొడ్లోంచి ఆ ఇంటావిడ కేక వినిపించింది.

"రా బిడ్డా! రా... రా!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆ తెల్లావిడ గొర్రెలను పిలుస్తోంది. గొర్రెలు బిలబిలా వస్తున్నాయి.

సేటు చెప్పుల్లేకుండానే బయటికి ఉరికాడు. ఆ మాట ఎవరు నేర్పారని తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

"ఐదేళ్ల కిందట మాకు నల్ల ఉన్ని వడకడం నేర్పడానికి మీ దేశం నుంచి ఒకామె వచ్చింది. విమానం దిగితే నేనే కారులో తెచ్చుకున్నాను. మీ గదే ఆమె గది. పదకొండు రోజులు ఇలాగే మబ్బు. పని అయిపోగానే పోయి ఆ కిటికీ దగ్గర కూర్చునేది. పన్నెండో పొద్దున కొండ కనిపించగానే ఆమె మా ఊరంతటినీ తట్టి లేపింది" అందావిడ.

పైన కిటికీలో పద్మమ్మ ఇంకా అలాగే నిలబడి ఉంది.

"అప్పుడే వెళ్లిపోతున్నారా? 'మా దిక్కువాళ్లు ఎవరన్నా వస్తే కొండ కనిపించేదాకా కదలనియ్యకు' అని ఒట్టు వేయించుకుని మరీ పోయింది, మా బీరమ్మ."