ఫిన్లాండ్ అభిమాని

ఎవరు ఏ దేశం నుంచి చదువుతున్నారో చూపించే కౌంటర్‌ను తన బ్లాగుకు తగిలించిన వారానికి గొల్నూష్ ఎగిరి గంతేసింది.

"అత్తయ్యా! ఫిన్లాండ్‌లో మనవాళ్లెవరో రోజూ నా బ్లాగు చదువుతున్నారు!"

"అంత చలిలో ఇంకేం పనుంటుందిలే," అంది తూబా ఖానుమ్ మెంతికూర తరుగుతూ.

ఎక్కడో ఉన్నవాళ్లేగా చదివేది! గొల్నూష్ చేతికిక పగ్గాల్లేవు. అత్తగారి ఖోర్మే సబ్జీ కూర చేదు విషమనీ, అందులో వేసే ఎండు నిమ్మకాయల్లో చేదు గింజలు తీయడం ఆవిడకు ఈ జన్మకు రాదనీ రాసిపారేసింది.

శుక్రవారం భోజనంలో కూర అమృతంలా ఉంది.

"ఇవాళ చేదు లేదేంటత్తయ్యా?"

"గింజలు తీసేశాగా," అంటూ తూబా ఖానుమ్ తన ఫోను కోడలి చేతికిచ్చింది. "ఇదిగో, ఈ యాప్ మళ్లీ మొరాయిస్తోంది. కాస్త చూసిపెట్టు."

ప్రభుత్వం మూసేసిన సైట్లు తెరవడానికి, ఇక్కడ షిరాజ్‌లో కూర్చున్నవాళ్లను పరాయి దేశంలో ఉన్నట్టు చూపించే యాప్ అది. ఊళ్లో అది లేని ఫోనే లేదు. అత్తగారు ఎంచుకున్న దేశం దగ్గర ఫిన్లాండ్ జెండా మెరుస్తోంది.

గొల్నూష్ చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏ దేశమైనా పెట్టు తల్లీ, తొందరగా తెరుచుకుంటే చాలు. నా అన్నం గురించి నిన్నేం రాశావో ఇంకా చదవనేలేదు."