ఇంటింటికీ తిరిగిన పలక

చిజురు తల్లి తప్పిపోయిన సాయంత్రం వాడలోని మైకులన్నీ ఒక్కసారిగా మోగాయి.

"మత్సునోకి వాడ నుంచి ఎనభై రెండేళ్ల పెద్దావిడ మధ్యాహ్నం ఇల్లు విడిచి వెళ్లారు. తెల్ల జుట్టు, ఊదా రంగు స్వెట్టరు. చూసినవారు పోలీసులకు తెలియజేయండి."

పేరు చెప్పలేదు. మైకులో పేర్లు చెప్పరు.

అయినా పక్కింటి నెజు గొడుగేసుకుని పరుగున వచ్చింది.

"మసుయో గారేనా?"

"అమ్మే. సాయంత్రం మైకులో పిల్లల్ని ఇళ్లకు పంపే పాట మోగేలోపు రోజూ వచ్చేసేది. ఇవాళ ఇంకా రాలేదు."

"అదేమిటమ్మా! మా ఆయన ఫోనులో దారి చూసుకుంటూ కూడా తప్పిపోతాడు. మీ అమ్మకు మతిమరుపొచ్చినా ఆవిడ కాళ్లకు రాలేదని అనుకునేవాళ్లం."

చిజురూ అలాగే అనుకుంది.

తల్లి కూతురి పేరు మరిచిపోయింది. తిన్నదీ లేనిదీ మరిచిపోయింది. కానీ రోజూ మధ్యాహ్నం నడకకు వెళ్లి, తనంతట తానే గుమ్మంలోకి వచ్చేది. అందుకే చిజురు తలుపుకు గొళ్లెం పెట్టలేదు.

నెజు గొంతు తగ్గించింది. "ఆ కోటు మనిషి గానీ..."



ఆ మనిషిని మొదట చూసింది నెజూయే. మాసిన బూడిద రంగు కోటు. స్టేషను దగ్గర, కూరల దుకాణం దగ్గర ముసలి ఆడవాళ్ల ముఖాల్లోకి తేరిపార చూసేవాడు. మసుయో వెనకే నడిచేవాడు.

ఎవరు మీరు, ఏం కావాలి అని ఎవరూ అడగలేదు. ముఖం మీదే అడగడం ఆ వాడలో మర్యాద కాదు.

చిజురు వెళ్లి వాడ సంఘం పెద్ద కువబారాకు చెప్పుకుంది. ఆయన మెత్తటి మాటలు ఏరుకుని ఒక కాగితం రాశాడు. దాన్ని సంఘం ప్రకటనలతో ఇంటింటికీ తిరిగే పలకకు తగిలించాడు.

'వృద్ధ మహిళల వెంట నడుస్తున్న బూడిద రంగు కోటు వ్యక్తి విషయమై దయచేసి జాగ్రత్త వహించగలరు.'

ప్రతి ఇంటివారూ చదివారు. చదివినట్టు ముద్ర వేశారు. పలకను పక్క గుమ్మానికి తగిలించారు.

పలక ఒక చుట్టు తిరిగేసరికి ఆ మనిషి కనబడటం మానేశాడు. వాడంతా ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు కువబారా కూడా వచ్చాడు. చేతికి సంఘం పట్టీ, చేతిలో దీపం.

"అలాంటి కోటు వాడ స్నానశాల వెనక అద్దె గదుల దగ్గర ఆరేసి ఉండగా చూశాను. అడిగి చూద్దాం రండి."

వానలో ముగ్గురూ వెళ్లారు. తలుపు మీద అకుత్సు అని పేరు ఉంది.

తీసినాయనకు డెబ్బై దాటి ఉంటాయి.

చిజురు మర్యాదకైనా తల వంచలేదు. పలకరింపు లేదు. "మా అమ్మ ఎక్కడ?"

ఆయన ముఖం పాలిపోయింది.

"ఒంటరిగా వెళ్లారా? ఈ వానలోనా?"

"మీకే తెలియాలి. రోజూ వెంటపడింది మీరేగా!"

"రైలు గేటు దాకానే వెంట నడిచేవాణ్ణండీ." ఆయన మాట్లాడుతూనే బూట్లు తొడుక్కుంటున్నాడు. "అక్కడ ఆవిడ తరచూ వాగు వైపు తిరుగుతారు. పిలిస్తే బెదిరిపోతారు. అందుకని నేను దాటుకుని ముందుకెళ్లి, మీ వీధి వైపు నడిచేవాణ్ణి. నా వీపు చూసుకుంటూ వచ్చేవారు. మీ గుమ్మం కనబడ్డాక తప్పుకునేవాణ్ణి."

"మరి ఎందుకు మానేశారు?" అనేసింది చిజురు.

అడిగాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

"పలక మా గదికీ వచ్చింది కదండీ."

ఆయన రెండో బూటు తొడుక్కున్నాడు.

"చదివి, ముద్ర వేసి, పక్క గదికి తగిలించాను."

కువబారా గొడుగు ముఖం మీదికి దించుకున్నాడు.

అకుత్సు కోటు కూడా వేసుకోకుండా వాగు వైపు పరుగెత్తాడు.

సిమెంటు గోడల మధ్య, మెట్లు దిగేచోట, ఆయనే ముందు చూశాడు. ఆయనే నీళ్లలోకి దిగాడు. నీళ్లు మోకాలి లోతే. మసుయోకు అవే ఎక్కువయ్యాయి.

ఆవిడను పైకి తెచ్చి, స్వెట్టరు సర్ది, ముఖం మీద జుట్టు తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

అంత్యక్రియలకు ఆయన రాలేదు. పిలవాలని చిజురుకు తట్టలేదు.

ఆనవాయితీ ప్రకారం అమ్మ అస్థికలు ఇంట్లో పెట్టుకున్నాక, ఒక ఉదయం చిజురు మిఠాయి పెట్టె కొంది. తోడొస్తానన్న నెజును వద్దంది. చెప్పాల్సిన క్షమాపణ దారంతా లోలోపల వల్లించుకుంది.

అకుత్సు తలుపు మూసి ఉంది. పై అంతస్తు నుంచి ఆ గదుల యజమానురాలు తొంగి చూసింది.

"లేరమ్మా. జ్వరం తగ్గిందో లేదో, మళ్లీ తిరగడానికి వెళ్లిపోయారు. కాస్త పడుకోండి పెద్దాయనా అంటే వింటేగా! ఆ పలక వచ్చినప్పటి నుంచి గదిలోనే కూర్చున్నారు, ఇన్నాళ్లూ వృథా అయ్యాయని గోల."

"దేనికి వృథా?"

ఆవిడ చిజురు వంక వింతగా చూసింది.

"మీకు తెలియదా? ఆయన ఈ వాడవారు కాదు. భార్య కోసం వచ్చి ఇక్కడ గది తీసుకున్నారు."

"ఆవిడ ఇక్కడ ఉంటున్నారా?"

"ఉంటే ఇంకేం!" అంది యజమానురాలు.

మతిమరుపున్న ఆయన భార్య మూడేళ్ల కిందట ఈ స్టేషనులోనే రైలు దిగి, ఈ సందుల్లోకే నడిచి వెళ్లింది, ఇంతవరకు దొరకలేదు.