మెరుపు గీత

“ఇది తప్పండీ,” అంది తల్లి, హాస్పిటల్ లిఫ్టులో.

“ఇప్పుడా చెప్పేది?” తండ్రి పిల్లాడి కాలరు సరిచేశాడు. “సాయంత్రం ఆ హెల్మెట్‌ని కంపెనీవాళ్ళు తిరిగి పట్టుకెళ్ళిపోతారు. ఇవాళ తప్పితే ఇంకెప్పుడూ లేదు.”

ఏడేళ్ళ పిల్లాడు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

తండ్రి స్కూలు బస్సు డ్రైవరు. రెండేళ్ళుగా డ్యూటీ దిగగానే చందా డబ్బా పట్టుకుని వీధుల్లో నిలబడుతున్నాడు. మూర్ఛ ఉన్న పిల్లల కోసం ఈ హాస్పిటల్‌కి కొత్త రకం బ్రెయిన్ స్కానర్ కొనిపించాలని. పాతది పెద్దవాళ్ళ తలలకు చేసిన యంత్రం. అందులో కదలకుండా కూర్చోవాలి. ఏ పిల్లాడు కూర్చుంటాడు? కూర్చోకపోతే జబ్బు మెదడులో ఎక్కడుందో తేలదు. తేలనిదే ఆపరేషన్ లేదు. కొత్తది తేలికైన హెల్మెట్. తలకు తొడుక్కుని పిల్లలు ఆడుకోవచ్చు కూడా.

సగం డబ్బు పోగైంది. మిగతా సగం టైల్స్ ఫ్యాక్టరీ యజమాని ఇస్తానన్నాడు. కళ్ళారా చూశాకే. అందుకని కంపెనీ ఇవాళ ఒక్కరోజుకి ఒక హెల్మెట్ పంపింది.

స్కాన్ గదిలో డాక్టరమ్మ ఎదురొచ్చింది. “ఏరా బుజ్జీ!”

పిల్లాడు పలకలేదు. తల్లి వాడి వీపు మీద తట్టింది. “ఆఁ” అన్నాడు.

“మంచి హుషారుగా ఉన్నాడే! పొద్దున ఫిట్స్ రాలేదా?”

“రాలేదండీ,” అన్నాడు తండ్రి, నేల చూపులు చూస్తూ.

హెల్మెట్ తొడిగారు. పిల్లాడు టెక్నీషియన్‌తో బంతాట మొదలుపెట్టాడు. గాజు అద్దం ఇవతల, తెర మీద గీతలు పరుగెత్తుతున్నాయి.

అప్పటికే వచ్చి కూర్చున్న ఫ్యాక్టరీ యజమాని కాసేపు చూసి పెదవి విరిచాడు. “గీతలు సరే, జబ్బేదమ్మా? నేను టైల్స్ అమ్మేవాణ్ణి. పగులు చూపిస్తేనే నమ్ముతాను. ఈ టోపీకి అంత డబ్బా?”

“పైకి ఫిట్స్ లేకపోయినా లోపల సన్నటి మెరుపులు వస్తుంటాయి సార్. ఎప్పుడొస్తాయో చెప్పలేం. కాసేపు ఆగండి.”

“నాకు అవతల బోలెడు పనుంది.” యజమాని లేచాడు.

తండ్రి అడ్డం వెళ్ళాడు. “సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంకొక్క పది నిమిషాలు!” అన్నాడే గాని, అతని గొంతులో ఏమాత్రం నమ్మకం లేదు.

“పోనివ్వండి,” అంది తల్లి. “ఇంటికెళ్దాం.”

అప్పుడు తెర మీద ఒక గీత చివ్వున పైకి లేచింది.

మళ్ళీ లేచింది. ఇంకోసారి.

“అదిగో!” డాక్టరమ్మ కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. “కుడి వైపు, చెవి పైన! చూశారా సార్? వాడు బంతి విసురుతూనే ఉన్నాడు, ఇది పట్టేసింది! ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన దొంగ దొరికాడు!”

యజమాని మళ్ళీ కూర్చున్నాడు. జేబులోంచి చెక్కుబుక్కు తీశాడు. “ఒప్పుకున్నాను డాక్టరమ్మా. నా నోరు మూయించారు.”

నర్సులు చప్పట్లు కొట్టారు. అద్దం అవతలి నుంచి పిల్లాడు బంతి ఊపాడు.

తల్లి ఉన్నచోటనే కూలబడింది. తండ్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“పాపం, సంతోషం తట్టుకోలేకపోతున్నారు,” అన్నాడు యజమాని, సంతకం చేస్తూ.

తల్లి భర్త చెయ్యి పట్టుకుని కిందికి లాగి, అతని చెవిలో గొణిగింది: “జబ్బున్నవాడు పొద్దుటి ఫిట్స్‌కి ఇంట్లో మందు మత్తులో పడున్నాడు కదండీ... వీడు వాడి కవల, వీడికి ఏ జబ్బూ లేదనుకునే కదా వాడి బదులు తెచ్చాం!”