ఖాళీ గది మోత

హలో, అందరికీ నా మాట వినబడుతోందా? తాపీ మేస్త్రీని మాట్లాడుతున్నా.

మా బామ్మర్ది పరాయి దేశంలో బిల్డింగు పనిలో ఉన్నాడు. మొన్న మధ్యాహ్నం ఫోన్ చేశాడు. నాకు నెలన్నరగా పని లేదు, ఇంట్లోనే ఉన్నా. తెలిస్తే దిగులు పడతాడని, ఫోన్ పక్కన ఒక ఇటుక పెట్టి తాపీతో టకటకా కొడుతూ మాట్లాడా.

"పనిలో ఉన్నావా బావా?"

"ఊపిరాడట్లేదనుకో. నువ్వేంట్రా, దొంగతనానికి వెళ్ళినట్టు ఆ గుసగుసలు?"

"గదిలో ఏడుగురు నిద్రపోతున్నారు. రాత్రి డ్యూటీ వాళ్ళు."

ఈసారి గొంతు కాస్త పెంచి అడిగాడు, ఆ మాట గదంతా మోగింది. "నేనొచ్చేసి నీ దగ్గర పనిలో చేరనా బావా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఇళ్ళు కట్టినవాణ్ణి, ఖాళీ గదిలో గొంతు ఎలా మోగుతుందో నాకు తెలీదా?

"ఒరేయ్, ఆ గదిలో ఎవరూ లేరు కదూ?"

"అందరినీ ఇళ్ళకి పంపించేశారు బావా. శుక్రవారం నా వంతు." తర్వాత మెల్లగా అన్నాడు, "నీకూ పని లేదు కదా? ఇటుక చప్పుడే గానీ సిమెంటు మాలు గీసిన చప్పుడే లేదు."

"మీరంతా డబ్బు పంపితేనే కదరా ఇక్కడ జనం ఇళ్ళు మొదలెట్టేది. అక్కడ మీ పని ఆగింది, ఇక్కడ నా తాపీ ఆగింది."

ఫోన్ పెట్టేస్తాడేమో అనుకున్నా.

"బావా, ఆ ఇటుక ఇంకాసేపు కొట్టవా? గదిలో ఎవరో ఉన్నట్టుంది."

కొడుతూనే కూర్చున్నా.

మీ వాళ్ళెవరైనా అలా ఒంటరిగా ఉంటే ఈ కథ పంపండి. దానికన్నా ముందు ఒకసారి ఫోన్ చెయ్యండి.