గంట ముందొచ్చిన ఫోన్

అర్ధరాత్రి దాటాక ల్యాబులో యంత్రం కూసింది. నిన్న అందులో పెట్టిన బాలింత రక్తం సీసాలో క్రిములు పెరిగాయి. ఒంటరిగా ఉన్న టెక్నీషియన్ ఒక చుక్క తీసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసింది. గొలుసుల్లా క్రిములు. వార్డుకు ఫోన్ చేసింది.

"మళ్లీ చేశారేంటక్కా?" అంది నర్సు. "గంట క్రితమే మీ ల్యాబు నుంచి పెద్దావిడెవరో చెప్పారుగా, గొలుసు క్రిములని! డాక్టరుగారు వెంటనే మందు మార్చారు. బీపీ నిలబడింది. తల్లి గండం గట్టెక్కింది."

"పెద్దావిడా?"

"అవును. 'తెల్లారేదాకా ఆగితే ప్రాణం తెల్లారిపోతుందమ్మా' అన్నారు."

ఆ మాట తనకు పని నేర్పిన పెద్దమేడమ్‌ది. ఆవిడ పోయి నెలయింది.

టెక్నీషియన్‌కు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. వెనక్కి తిరగాలని మాత్రం అనిపించలేదు. వెనకాల కుర్చీ కిర్రుమంది.