తోయరా, ఇనోకే!

“ఒరేయ్ బొజ్జోడా! ఇటు రా!”

టాక్సీలో కూర్చుని స్టీరింగ్ మీద దరువేస్తున్న ఇనోకే ఉలిక్కిపడ్డాడు.

ఫిజీ రాజధాని సువాలో సముద్రపు గోడ వెంట ఉన్న కాలిబాట మీద, చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ. కాళ్ళ మీద దుప్పటి. చేతిలో గొడుగు.

“నన్నేనా?”

“ఇంకెవరికుందిరా అంత బొజ్జ? చక్రం పగుల్లో ఇరుక్కుంది. వచ్చి తోయ్.”

ఆ రోజు ఇనోకేకి ఎవరి మాటా వినే ఓపిక లేదు. పొద్దున్నే క్లినిక్‌లో డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. షుగర్ దిగడం లేదు, మూత్రంలో ప్రోటీన్ పోతోంది, కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. మాత్రలు మానకు, తీపి మాను, రోజూ నడువు అంది. అప్పటినుంచీ కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచడం లేదు.

విసుక్కుంటూనే దిగి కుర్చీని బయటికి లాగాడు.

“అయింది కదా. ఇక వెళ్ళు.”

“ఎట్లా వెళ్ళను, ఎగురుకుంటూనా? ఆ మలుపు దాకా తోయ్. అక్కడికి మా వాడొస్తాడు.”

మలుపు చేరేసరికి ఇనోకేకి ఆయాసం ముంచుకొచ్చింది.

“రేపు కూడా ఇదే వేళకి రా,” అంది ముసలావిడ.

“నేనేమన్నా నీ మనవణ్ణా?”

“కాదులే. నా మనవడైతే ఇంత రొప్పడు.”

వెళ్ళకూడదనే అనుకున్నాడు. కానీ మర్నాడు సాయంత్రం అయ్యేసరికి కాలు నిలవలేదు. ముసలిది అక్కడే చిక్కుకుపోయిందేమో! వెళ్ళి చూస్తే గొడుగు ఊపుతూ కనబడింది.

ఆ తర్వాత మలుపు చాలలేదు. గాలి బాగుంది ఇంకాస్త తోయమంది. ఇంకో రోజు, పడవలు చూడాలి, ఆ చివరిదాకా పద అంది. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు.

“టీలో చక్కెర ఎంత వేసుకుంటావు?”

“నాలుగు చెంచాలు. నీకెందుకు?”

“తాగేది టీనా, పాకమా?”

ఆవిడ నోటికి జడిసి చక్కెర మానేశాడు. పళ్ళెంలో కర్రపెండలం తగ్గింది, ఆకుకూర పెరిగింది. అప్పుడప్పుడూ చెప్పులు విప్పించి అరికాళ్ళు కూడా చూసేది.

“ఎక్కడన్నా పుండు కనబడాలి, ఈ సముద్రంలోకి నెట్టేస్తా.”

ఇంట్లో భార్య ఆకనీసి ముక్కున వేలేసుకుంది.

“ఇన్నేళ్ళు నేను మొత్తుకుంటే కదలని మనిషివి. ఎవరయ్యా ఆ మహాతల్లి?”

“పేరడిగితే, తోయడానికి పేరెందుకురా అంటుంది.”

కొన్ని నెలలకి మళ్ళీ పరీక్షలు చేశారు. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూసింది.

“చెడింది మళ్ళీ బాగుపడదు. కానీ జారిపోవడం నెమ్మదించింది. ఇలాగే పట్టుకో. ఏం చేశావు?”

“ఒక ముసలమ్మ చేతిలో పడ్డాను.”

ఆ మాట ఆవిడకి చెప్పాలనే ఆ శనివారం గోడ దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ తోస్తూ సగం దారిలో ఉండగా చినుకులు మొదలయ్యాయి. అప్పుడే ఫోను. విమానాశ్రయానికి బేరం, వెంటనే రమ్మంటున్నారు.

“అవ్వా, మీ వాణ్ణి రమ్మను. నేను పోవాలి.”

“వానలో వదిలేస్తావట్రా?”

“నీ కుర్చీ తోస్తూ కూర్చుంటే నా ఇంట్లో పొయ్యి వెలగదు!”

అనేశాడు. అని వెళ్ళిపోయాడు.

నాలుగు వీధులు దాటేసరికి వాన కుండపోత అయింది. అద్దం మీద ఏమీ కనబడటం లేదు, ఆవిడ మొహం తప్ప. బేరం వదులుకుని బండి వెనక్కి తిప్పాడు.

ఆవిడ లేదు. కుర్చీ కూడా లేదు. పోటెక్కిన నీళ్ళు గోడని కొడుతున్నాయి.

గోడ మీంచి వంగి చూశాడు.

“అవ్వా!”

పరుగెత్తాడు. మలుపు దాకా పరుగెత్తి, మళ్ళీ వెనక్కి పరుగెత్తాడు. ఎక్కడా లేదు.

మర్నాడు సాయంత్రమూ లేదు. ఆ తర్వాతా లేదు. రాత్రి పక్క మీద దొర్లడం, తెల్లారగానే గోడ దగ్గర తిరగడం. ఆసుపత్రిలో అడిగితే పేరేమిటన్నారు. పేరుంటే కదా!

చివరికి పళ్ళమ్మే ఆవిడ చెప్పింది. “గొడుగు మెరెవాలేసి గురించా? ఆ ఎత్తు మీద ఇల్లు.”

ఇంటి ముందు నల్లబట్టలు కట్టుకున్నవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఇనోకే ఆవిడ కొడుకు ఎపెలి ముందు కూలబడ్డాడు.

“మీ అమ్మని వానలో వదిలేసింది నేనే,” అన్నాడు తలెత్తకుండా. “దానివల్లేనా?”

ఎపెలి ఏడుస్తూనే నవ్వాడు.

“బొజ్జోడివి నువ్వేనా? బస్టాపులో నిలబడి నిన్ను చూసిందటయ్యా. ‘మావాడు నాకోసం పరుగెత్తాడురా, ఆ మలుపు దాకా ఆగకుండా పరుగెత్తాడు!’ అని ఆ రాత్రంతా ఒకటే సంబరం. మర్నాడు చర్చికి వెళ్ళి, ఈ ఎత్తెక్కి ఇంటికొచ్చింది. అలా కూర్చుంది, అలాగే పోయింది.”

“ఎత్తెక్కి వచ్చిందా?” అన్నాడు ఇనోకే. “ఆవిడకి కాళ్ళు...”

“కాళ్ళు లేనిది మా అక్కకి,” అన్నాడు ఎపెలి. “షుగరు ముందు కాళ్ళు తీసుకుంది, తర్వాత కిడ్నీలు. అక్క పోయాక అమ్మ రోజూ ఆ ఖాళీ కుర్చీని గోడ దాకా తనే తోసుకుంటూ వెళ్ళి, నీలాంటివాళ్ళు కనబడితే అందులో ఎక్కి కూర్చునేది.”